నెబ్రాస్కా ఫుట్‌బాల్: ఏడాదికి ఎన్ని గెలిస్తే చాలనుకోవాలి?

కొత్త_హస్కర్
నమస్తే అండీ. ఒమాహా వచ్చి రెండేళ్లయింది. ఆఫీసులో శుక్రవారం వస్తే అందరూ నెబ్రాస్కా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు (హస్కర్స్) ఎర్ర చొక్కాలే, నాకూ ఆ పిచ్చి అంటుకుంది. 2024 సీజన్‌లో 7-6 (ఏడు గెలిచి ఆరు ఓడాం). సీజన్ చివర ఆడించే అదనపు మ్యాచ్ పిన్‌స్ట్రైప్ బౌల్‌లో బోస్టన్ కాలేజీ మీద 20-15తో గెలిస్తే మా టీమంతా డోనట్లు పంచుకున్నాం. పక్క సీటు పెద్దాయన మాత్రం ముట్టుకోలేదు. ఇంతకీ ఈ జట్టు నుంచి న్యాయంగా ఎంత ఆశించాలి? 8 గెలుపులా, 10యా, ప్లేఆఫా? సీజన్ టికెట్లు కొంటే దండగేనా?

లింకన్_పాతకాపు
ఆ పెద్దాయన బాధ నాకు తెలుసు బాబూ. నేను 1996లో ఎమ్మెస్‌కి లింకన్‌లో, అంటే ఈ జట్టు సొంతూళ్లో, దిగాను. 1994, 1995, 1997, నాలుగేళ్లలో మూడు జాతీయ టైటిళ్లు. టామ్ ఓస్బోర్న్ పాతికేళ్లు కోచ్‌గా ఉంటే ఒక్క ఏడాది కూడా 9 గెలుపులకి తగ్గలేదు. పెళ్లి భోజనం చేసిన నోటికి గంజి పోసి పండగ చేసుకోమంటే ఎలా? పది గెలవాలి. అంతకు తక్కువైతే నేను టీవీ కట్టేస్తా.

డల్లాస్_బాబాయ్
పాతకాపు గారూ, ఆ పెళ్లి అయిపోయి పాతికేళ్లు దాటింది, పందిరి కూడా పీకేశారు. రాష్ట్రం మొత్తం జనాభా 20 లక్షలు. మన పాత గుంటూరు జిల్లాలో సగం కూడా లేదు. ఆటగాళ్లు ఎక్కడి నుంచి రావాలి? అప్పట్లో టెక్సాస్ నుంచి వచ్చేవాళ్లు. 2011లో టెక్సాస్ జట్లున్న బిగ్ 12 కాన్ఫరెన్స్ (లీగ్) వదిలి బిగ్ టెన్‌కి పోయారు, ఇక మా వైపు కుర్రాడు వాళ్ల అమ్మానాన్నల కళ్ల ముందు ఆడే అవకాశమే పోయింది. మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్ జట్టులో కికర్, నాలుగేళ్లుగా రిక్రూటింగ్ దగ్గర్నుంచి చూస్తున్నా. మీకు తెలియని విషయాలు ఇందులో చాలా ఉన్నాయి.

లింకన్_పాతకాపు
కికర్ తండ్రి కూడా మాకు పాఠాలు చెప్పేవాడే.

ఎక్సెల్_సుబ్బారావు
ఎమోషన్ పక్కన పెట్టి లెక్క చూద్దాం. సీజన్‌కి 12 మ్యాచ్‌లు, అందులో 9 కాన్ఫరెన్స్‌వి, అంటే బిగ్ టెన్ జట్లతోనే. బయటి మూడూ గెలిచి, తొమ్మిదిలో సగం గెలిచినా 7, 8 దగ్గర ఆగుతాం. నా ఎక్సెల్ చెప్పేదీ అదే. 2021 చూడండి: 3-9. కానీ ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటీ 9 పాయింట్లు దాటలేదు. అంటే జట్టు చెత్త కాదు, అదృష్టం లేదు. అదృష్టం ఎప్పుడో ఒకప్పుడు తిరుగుతుంది.

డబ్లిన్_బాధితుడు
అదృష్టమా?! 2022 ఆగస్టు, నార్త్‌వెస్టర్న్‌తో ఆట, డబ్లిన్‌లో. మా తమ్ముడు అక్కడే ఉంటాడు కాబట్టి నేను స్టేడియంలోనే ఉన్నాను. కార్డు మెషిన్లు పనిచేయక బీరు ఊరికే పోశారు, ఆ రోజు జరిగిన మంచి అదొక్కటే. 28-17 ఆధిక్యం. మూడో క్వార్టర్. అప్పుడు మన కోచ్ ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ మనకే దొరకాలని దగ్గరికే తన్నడం) కొట్టించాడు! నా పక్కన ఐర్లండ్ ముసలాయన, జీవితంలో ఈ ఆట మొదటిసారి చూస్తున్నాడు, "ఇప్పుడెందుకు?" అని నన్ను అడిగాడు. ఏం చెప్పను? 31-28తో ఓడాం. ఆ ఏడాది నార్త్‌వెస్టర్న్ గెలిచింది మొత్తం ఆ ఒక్క మ్యాచే. 1-11.

ఎక్సెల్_సుబ్బారావు
కిక్ పోయాక కూడా మనదే 11 పాయింట్ల ఆధిక్యం సార్. ఆ తర్వాత మనం ఒక్క పాయింటూ చేయలేదు. ఓడించింది ఆఫెన్స్ (పాయింట్లు తేవాల్సిన దాడి దళం), కిక్ కాదు.

డబ్లిన్_బాధితుడు
ఊపు అనేది మీ ఎక్సెల్‌లో ఏ కాలమ్‌లో ఉంటుందో చెప్పండి.

డల్లాస్_బాబాయ్
కికింగ్ గురించి కాబట్టి చెప్తున్నా, ఆ కిక్ కొట్టిన తీరే తప్పు. మా అబ్బాయి కోచ్ అయితే...

కరీంనగర్_కార్న్
బాబాయ్, మీ అబ్బాయిని జర ఇడువు. అసలు శని పట్టింది 2003లో. కోచ్ సోలిచ్ 9 గెలిచిండు, పంపేసిన్రు. 2004లో 5-6. మళ్ల పెలిని వచ్చి ఏడేండ్లు, ఏ ఏడాదీ తొమ్మిదికి తగ్గలే, ఆయననూ పంపేసిన్రు. 9 గెలిచేటోళ్లను ఎల్లగొట్టి ఇప్పుడు 7కు డోనట్లా?

లింకన్_పాతకాపు
పెలిని తొమ్మిది గెలిచి ప్రతి ఏడాదీ నాలుగు ఓడాడు. ఎలాంటి ఓటములో గుర్తుందా? 2012 బిగ్ టెన్ ఫైనల్, విస్కాన్సిన్ చేతిలో 70-31. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం వండలేదు.

కరీంనగర్_కార్న్
ఇప్పుడు వండుకుంటున్నరా అన్నా? ఫ్రాస్ట్ హయాంలో 16-31. ఆయన్ను తీసేసుడు గూడ సక్కగ చేయలే. జార్జియా సదరన్ చేతిల ఓడిన తెల్లారే తీసేసిన్రు. అక్టోబర్ ఒకటి దాకా, అంటే మూడు వారాలు ఆగితే కోటిన్నర డాలర్ల పరిహారం సగం అయ్యేది.

మాధవి_లింకన్
మీరంతా టైటిళ్లు, టైటిళ్లు అంటున్నారు కదా. అదే ఊళ్లో, అదే యూనివర్సిటీలో అమ్మాయిల వాలీబాల్ జట్టుకి ఐదు టైటిళ్లు ఉన్నాయి. 2023 ఆగస్టు 30న మీ ఫుట్‌బాల్ స్టేడియంలోనే ఆడితే 92,003 మంది వచ్చారు. మా పాపని తీసుకెళ్లాను. ఒక్కరి మొహంలోనూ మీ ఏడుపు లేదు.

బ్లూమింగ్టన్_భరత్
ఇండియానా నుంచి నమస్కారం. 2023లో మేం 3-9. కోచ్‌గా సిగ్నెట్టి వచ్చాడు, పాత జట్టు నుంచి కుర్రాళ్లను వెంట తెచ్చుకున్నాడు, 2024లో 11-2, ప్లేఆఫ్. మధ్యలో మీకు 56-7 కూడా వడ్డించాం. 2008లో అట్టడుగున ఉన్న డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు కొట్టలేదా? ఆటగాళ్లు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఓపిక పట్టమనడం పాత మాట.

ఎక్సెల్_సుబ్బారావు
చార్జర్స్ ఆ తర్వాత ఏమయ్యారో కూడా చెప్పండి.

బ్లూమింగ్టన్_భరత్
కప్పు మాత్రం అల్మారాలో ఉంది కదా సార్.

డల్లాస్_బాబాయ్
ఐపీఎల్‌లో అందరికీ ఒకే పర్సు. ఇక్కడ 2025 జూలై నుంచి కాలేజీ నేరుగా ఆటగాళ్లకు ఇచ్చేది ఏడాదికి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లని పరిమితి పెట్టారు, సరే. ఆ పైన దాతలు, కంపెనీలు ఇచ్చేదానికి పరిమితి ఎక్కడుంది? డబ్బున్నవాడిదే ఆట. మావాడి విషయంలోనే...

కరీంనగర్_కార్న్
మళ్ల షురూ.

సౌత్_స్టాండ్స్_శీను
టికెట్ల గురించి ఎవరూ చెప్పలేదు. 1962 నుంచి సొంత స్టేడియంలో ప్రతి మ్యాచ్ హౌస్‌ఫుల్ అంటారు, వరుసగా 400 దాటింది. కానీ 2021లో మిగిలినవి దాతలు కొని పిల్లలకు ఇచ్చారు, రికార్డు పోకుండా. అందుకే చెప్తున్నా, సీజన్ మొత్తం కొనకండి. చిన్న జట్లతో ఆట ఉన్న వారం రీసేల్‌లో చవగ్గా దొరుకుతాయి.

లింకన్_పాతకాపు
హౌస్‌ఫుల్‌ని కించపరచకు తమ్ముడూ. మిగతావన్నీ పోయినా మాకు మిగిలింది అదొక్కటే.

సౌత్_స్టాండ్స్_శీను
కించపరచడం కాదన్నా, నేనూ వెళ్తాను. 2023 థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు అయోవాతో ఆట, ఇంటివాళ్లు షాపింగ్‌కి, నేను మా వాణ్ణి వేసుకుని స్టేడియానికి. చేతులు కొయ్యబారిపోయాయి, వాడి గ్లవ్స్‌లో హీట్ ప్యాకెట్లు కుక్కాను. 10-10. ఓవర్‌టైమ్ అనుకుని బాత్‌రూమ్ క్యూ ఎంతుందో చూస్తున్నా. ఇంతలో మన క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి వాళ్ల చేతుల్లో పడింది. వాళ్లు ఫీల్డ్ గోల్ (బంతిని గోల్‌పోస్టుల మధ్య తన్నితే మూడు పాయింట్లు) కొట్టారు. 13-10. ఆ గెలుపు వస్తే ఆరు, బౌల్‌కి వెళ్లేవాళ్లం. కారు దాకా మా వాడు మాట్లాడలేదు. ఎక్కాక "వచ్చే ఏడు గెలుస్తాం కదా నాన్నా" అన్నాడు. వచ్చే ఏడు అయోవాలో, మళ్లీ అదే 13-10, మళ్లీ చివరి కిక్కే.

డబ్లిన్_బాధితుడు
శీనూ, నీకు నా సానుభూతి. ఇంకోసారి డబ్లిన్ వెళ్తే బీరు నాది.

మోడరేటర్
డల్లాస్ బాబాయ్ గారూ, మీ అబ్బాయి వీడియో లింకులు మూడోసారి తీసేశాను. వాటికి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

కొత్త_హస్కర్
అందరికీ థ్యాంక్స్. ఎనిమిది అనుకుంటాను, పాతకాపు గారు తిట్టుకోకూడదు. టికెట్లు శీను గారు చెప్పినట్టే. ఇంకో సందేహం. మా గృహప్రవేశానికి పంతులుగారు సెప్టెంబర్‌లో ఒక శనివారం పది గంటల ముహూర్తం పెట్టారు. ఆ రోజు లింకన్‌లో మ్యాచ్ ఉంటే తాను అక్కడి నుంచి ఐ-80 హైవే మీద ఒమాహా రాలేనని, ముందే చూసి చెప్పమన్నారు.

లింకన్_పాతకాపు
ఆదివారానికి మార్పించు. పంతులుగారి సీటు మా వెనక వరసే.