సమస్యాపూరణం: "కోడి బ్రతికి యుండె కూర తినిరి"

నిర్వాహకుడు:
ఈ వారం పాదం ఇదీ, దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూర్తిచేయాలి. ఎక్కడిదని అడక్కండి, నాకు నవ్వొచ్చింది, పెట్టేశాను.

కోడి బ్రతికి యుండె కూర తినిరి

షరతు ఒక్కటే. పూరణ చదివినవాడు ఆదివారం మధ్యాహ్నం ఏం పెట్టుకుని చూడాలో తెలియాలి. సినిమా, సీరియలు, పాట, ఏదైనా సరే. "జంధ్యాల సినిమాలన్నీ చూడండి" లాంటి సిఫార్సులు చెల్లవు. ఏ సన్నివేశం, అందులో ఎక్కడ కన్ను పెట్టాలి, అది చెప్పండి. శాకాహార ప్రచారం వద్దు, పోయినసారి పనసకాయ బిర్యానీ మీద పదకొండు పద్యాలు వచ్చాయి.

మల్కాజిగిరి మత్తేభం:

పిసినిగొట్టు లక్ష్మిపతి వ్రేలగట్టిన
పులుగు వంక చూచి పొట్ట నింపె
కత్తి తగులకుండ గరిటె కదలకుండ
కోడి బ్రతికి యుండె కూర తినిరి

జంధ్యాల 'అహ నా పెళ్ళంట' (1987). కోట శ్రీనివాసరావు కోడిని ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశం. వెతికేటప్పుడు జాగ్రత్త, 2011లో అల్లరి నరేశ్‌తో ఇదే పేరు సినిమా ఇంకోటి ఉంది. జంధ్యాల పేరు కలిపి కొట్టండి. ఇంకోమాట, ఆ ఒక్క ముక్కే కత్తిరించి తిప్పుతున్న వీడియోలు చూడొద్దు. అంతకుముందు లక్ష్మీపతి లోభాన్ని మెట్టు మెట్టుగా ఎక్కించుకొస్తాడు దర్శకుడు. ఆ మెట్లు ఎక్కకుండా పైకి దూకితే కోడి ఒక్కటే కనబడుతుంది, కోట కనబడడు. రెండోసారి చూసేటప్పుడు కోడిని వదిలేసి కోట కళ్ళు చూడండి. ముద్ద నోట్లోకి వెళ్ళేముందు చూపు ఒకసారి పైకి వెళ్ళొస్తుంది. కూర రుచి అంతా అక్కడే ఉంది.

చిక్కడపల్లి చంపకం:
మత్తేభం గారూ, భావం భేష్. మూడో పాదం నిజంగా బావుంది, కత్తికీ గరిటెకీ ఒకేసారి సెలవిచ్చారు. కానీ మొదటి పాదం ఏమిటండీ? "పి"కి "ప" యతా? పాదం మొదటి అక్షరంతో యతి దగ్గరి అక్షరం అచ్చుతో సహా కలవాలి కదా. ప్రాసయతి (వాటి పక్కనున్న రెండో అక్షరాల పొత్తు) అని సర్దుకుందామన్నా "సి"కి "తి" కలవదు. యతి దగ్గర కూడా పిసినారితనమేనా?

మత్తేభం:
"పరమలోభి లక్ష్మిపతి వ్రేలగట్టిన". చాలా? పద్యం నాలుగు పాదాలుంటే ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయేవాళ్ళు సినిమాకి వెళ్ళినా టైటిల్స్‌లో అక్షరదోషాలు లెక్కపెట్టుకుంటారు.

చంపకం:
టైటిల్స్ చదివే అలవాటుంటే మీలా 'శంకరా నాదశరీరాపరా' శంకరాభరణ రాగమని పద్యం రాసే ప్రమాదం తప్పుతుంది లెండి.

నల్లకుంట నగణం:
అయ్యో, మళ్ళీ అదా! చంపకం గారూ, ఆ సంగతి ఎన్ని సమస్యలు మోయాలండీ?

చంపకం:
కొత్తగా చేరినవాళ్ళ కోసం చెబుతున్నానమ్మా. 'శంకరాభరణం' (1980) సినిమాలో శంకరాభరణ రాగం వినాలంటే 'ఓంకార నాదానుసంధానమౌ' పెట్టుకోవాలి. 'శంకరా' మధ్యమావతి. మధ్యమావతిలో గాంధారమూ లేదు, ధైవతమూ లేదు. శంకరాభరణంలో ఏడు స్వరాలూ ఉంటాయి. రెండు పాటలూ వెంటవెంటనే వింటే సరిగమలు రానివాడికి కూడా తేడా తెలుస్తుంది. ఒకటి మెట్లన్నీ ఎక్కుతుంది, రెండోది రెండు మెట్లు వదిలేసి ఎక్కుతుంది. పాట మొదటి మాట చూసి రాగం పేరు పెట్టకూడదు, అంతే నేననేది.

మత్తేభం:
'పుష్పక విమానం' (1987) మీద "మాటలెల్ల తేనెమూటలయ్యె" అని రాసినాయన చెబుతున్నాడు వినండి. సింగీతం వారు మాటలే లేకుండా తీసిన సినిమా అది!

చంపకం:
అది వ్యంగ్యం.

మత్తేభం:
మూడు రోజుల తర్వాత వ్యంగ్యమైంది.

నిర్వాహకుడు:
కోడి దగ్గరికి రండి బాబూ.

నల్లకుంట నగణం:

మాయపెండ్లి వంట మాంసమ్ము లేదయ్య
దనుజులైన గారె దప్పళములె
లాగి లాగి నమిలి లడ్డు జిలేబులు
కోడి బ్రతికి యుండె కూర తినిరి

'మాయాబజార్' (1957), 'వివాహ భోజనంబు'. పాటలో ఉన్న పదార్థాలన్నీ వరసగా రాసుకు చూడండి. గారెలు, బూరెలు, అరిసెలు, లడ్లు, ఫేణీలు, జిలేబీ, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. తినేవాడు రాక్షసుడు, విస్తరిలో ఎముక ముక్క లేదు. మాధవపెద్ది సత్యం గొంతు ఎస్వీ రంగారావుకి ఎలా అతికిందో వినాలంటే మాటల దగ్గర కాదు, మధ్యలో వచ్చే ఆ నవ్వు దగ్గర చెవి పెట్టండి. పాడినవాడు ఎక్కడ ఆగాడో, నటించినవాడు ఎక్కడ మొదలెట్టాడో దొరకదు.

2010లో రంగులద్దిన ప్రతి వచ్చింది. భోజనం పాట వరకు రంగుల్లో చూసినా నష్టం లేదు, లడ్లు పసుపుగా కనబడతాయి. 'లాహిరి లాహిరి లాహిరిలో' మాత్రం నలుపు తెలుపులోనే చూడాలి. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ తీసిన వెన్నెలకి రంగు పూస్తే వెన్నెల పోయి నీలం మిగులుతుంది.

మత్తేభం:
బాగుందమ్మా. ఒక్క సందేహం. పాటలో కూర్చుని తిన్నది ఘటోత్కచుడొక్కడే కదా, "దనుజులైన" అని బహువచనమెందుకు? "తినిరి"కి సరిపెట్టడానికేనా?

చంపకం:
ఆ లెక్కన మీ లక్ష్మీపతి ఎంతమంది? ఆయన ఒక్కడే తింటే "తినిరి" ఎలా అయింది? నగణమ్మ కనీసం కర్తని బహువచనం చేసింది. మీరు కర్తని ఏకవచనంలో ఉరేసి క్రియని బహువచనంలో వడ్డించారు. అదలా ఉంచండి, అమ్మా, దప్పళాన్ని నమలడమేమిటి? జుర్రుకోవాలి గానీ.

నగణం:
"జుర్రి" అంటే గణం (పాదంలో అక్షరాల కొలత) సరిపోతుంది, కానీ లడ్డు జుర్రాల్సి వస్తుంది. దప్పళంలో గుమ్మడికాయ ముక్కలుంటాయి, నమిలారనుకోండి.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ 70 ఎంఎం:

సూర్యకాంత మచట చూపుడు వేలెత్త
నిల్లు వణకె గిన్నె యెగిరి పడియె
నంజి వంటి వాడె యత్తమ్మ మాటల
కోడి బ్రతికి యుండె కూర తినిరి

'గుండమ్మ కథ' (1962). కోడిని ముట్టుకోలేదు చూశారా! మాటలకు ఓడి!

నిర్వాహకుడు:
ఆహా. పొద్దున్నించీ ఎవరైనా విరుస్తారేమోనని చూస్తున్నాను.

మత్తేభం:
విరుపు బ్రహ్మాండం. కథే తిరగబడింది. ఎన్టీయార్ వేసిన అంజి ఆ ఇంట్లో ఎక్కడ ఓడాడు? పనివాడి వేషంలో వచ్చి ఇంటిని గుప్పిట్లో పెట్టుకున్నాడు. "ఓడినట్టు నటించి" అనాలి. పైగా అంజి బతికాడు సరే, కూర ఎవరు తిన్నారు? సమస్యలో సగం విరిచి సగం అలాగే గిన్నెలో వదిలేశారు.

70 ఎంఎం:
కూర గుండమ్మ ఇంట్లోవాళ్ళు తిన్నారు, వండింది అంజి కాబట్టి బతికి ఉండాలి కదండీ. సిఫార్సు రాయడం మర్చిపోయాను. 'లేచింది నిద్ర లేచింది మహిళా లోకం' దగ్గర పెట్టుకోండి. ఆడవాళ్ళు లేచారని మగవాడు పిండి రుబ్బుతూ పాడతాడు. పింగళి మాట వింటూ ఎన్టీయార్ చెయ్యి చూడండి, రోలు తిరగడం తాళంలోనే ఉంటుంది. ఘంటసాల సంగీతం కూడా ఆ తిరుగుడుని పట్టుకునే నడుస్తుంది. ఇక సూర్యకాంతం. ఆవిడ అరిచినప్పుడు కాదు, అరవడానికి ముందు గమనించాలి. మూతి ఒకసారి పక్కకి వెళుతుంది, ఎడమచెయ్యి లేస్తుంది, మాట ఆ తర్వాతే. అనుకరించేవాళ్ళంతా తిన్నగా అరుపుతో మొదలెడతారు, అందుకే తేలిపోతారు.

చంపకం:
పద్యం కంటే ఈ వచనమే బావుంది, ఏమనుకోకండి.

కూకట్‌పల్లి కొత్తకలం:
నమస్కారమండీ, మొదటిసారి రాస్తున్నాను. రెండో పాదం "సినిమా మొదట వ్రాసి తెలిపినారు" అని ఉండేది, "సినిమా" అక్కడ చెల్లని సగణమై కూర్చుందని మావాళ్ళు చెబితే మార్చాను.

జంతుహింస లేదు సర్టిఫికేటుంది
తెరను మొదట వ్రాసి తెలిపినారు
బొమ్మ పుంజు కూసె భోజన మది సోయ
కోడి బ్రతికి యుండె కూర తినిరి

ఇది ఒక సినిమా గురించి కాదు. ఇప్పుడొచ్చే ఏ సినిమా అయినా మొదటి నిమిషంలో పడే పలక చదవండి. 2001 నాటి నిబంధనల ప్రకారం జంతువుని నటింపజేయాలంటే జంతు సంక్షేమ మండలి దగ్గర ముందే నమోదు చేయించుకోవాలి. వాళ్ళ పత్రం లేకపోతే సెన్సారు దగ్గర ఆగిపోతుంది. అందుకే ఈమధ్య పులి, ఎద్దు, చివరికి పావురం కనబడినా తెర మూలన 'సీజీఐ' అని చిన్న అక్షరాలు పడతాయి.

తిండి సన్నివేశాల్లో ఇంకోటి గమనించండి. ఒకే భోజనాన్ని నాలుగు కోణాల్లో తీస్తారు, ప్రతి టేకుకీ పళ్ళెం మళ్ళీ అదే మట్టానికి నింపాలి. నింపేవాడు ఏమరితే, మాట్లాడుతున్నప్పుడు సగమైన అన్నం ఎదుటివాడి వైపు కెమెరా తిరిగి వచ్చేసరికి కుప్పగా ఉంటుంది. కూర మెరవడానికి పైన నూనె రాస్తారు. దీపాల వేడికి కూర పైభాగం ఆరిపోతూ ఉంటుంది కాబట్టి షాటు షాటుకీ మెరుపు మారుతుంది. తెలిసిన నటులు నిజంగా తినరు, చిన్న ముద్ద పెట్టుకుని మాట మధ్యలో నమలడం ఆపుతారు.

చంపకం:
పద్యం నోటీసు బోర్డులా ఉంది. రెండో పాదం దాకా సెన్సారు ఆఫీసులో కూర్చున్నట్టే ఉంది. మూడో పాదంలో పుంజు కూసి బతికించింది. "భోజన మది సోయ" దగ్గర నిజంగా నవ్వొచ్చింది.

మత్తేభం:
కొత్తవాళ్ళని మొదటి రోజే నోటీసంటారా? బాబూ, బావుంది, రాస్తూ ఉండు. ఆ పళ్ళెం మట్టం సంగతి చదివాక ఇక ఏ పెళ్ళి భోజనం సీనూ తిన్నగా చూడలేం.

నిర్వాహకుడు:
చంపకం గారూ, అందరి విస్తరిలోనూ రాళ్ళేరారు. మీ పూరణ ఏదీ?

చంపకం:

అద్దె యడుగ వచ్చె నప్పాజి మెల్లగా
సర్వ మంతలోన సాంబ రొంపె
ముక్క వెదకి వెదకి మునగకాడను జూచి
కోడి బ్రతికి యుండె కూర తినిరి

జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం'. అమృత విలాస్ హోటలు, అంజి ఉపాయాలు, సర్వం వడ్డన, ఇంటి ఓనరు అప్పాజి. వరసలో చూడనక్కర్లేదు, ఏ భాగం పెట్టినా అర్థమవుతుంది. అమృతం వేసే నటులు మారారు, అంజిగా గుండు హనుమంతరావు మారలేదు, సీరియలు అందుకే నిలబడింది. ఆయన ఉపాయం చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు, బెడిసికొట్టాక ఇంకా తగ్గిస్తాడు. చుట్టూ అందరూ పెంచుతుంటే ఆయన ఒక్కడే తగ్గించడం వల్ల నవ్వు ఆయన దగ్గరికే వచ్చి చేరుతుంది. వెనక నవ్వుల టేపు తగిలించిన కామెడీలకి అలవాటు పడ్డవాళ్ళు ఇది చూసి చెవి కడుక్కోవాలి.

నగణం:
"ముక్క వెదకి వెదకి మునగకాడ"! ఈ పాదానికి నా రెండు పద్యాలు ఇచ్చేస్తాను.

70 ఎంఎం:
ముక్క అనగానే హైదరాబాదోడికి మునగకాడ దొరికితే అంతకంటే విషాదం లేదు. ఇంతమంది రాశారు గానీ చార్మినార్ దగ్గర ఇస్మాయిల్ భాయ్ గ్యాంగు కూర్చునే 'ది అంగ్రేజ్' ఎవరికీ గుర్తు రాలేదు. ఊళ్ళోనే పుట్టిన కామెడీ అది. ఉపశీర్షికలు లేకుండా చూడండి, దక్ఖనీ మాట చెవికి సగమే అందినా ముఖాలు మిగతాది చెబుతాయి.

మత్తేభం:
చంపకం గారూ, సాంబారుని "సాంబరు" చేశారు. దీర్ఘం అద్దె కింద జమ చేసుకున్నారా? అది వదిలేద్దాం. నన్ను ఏకవచన బహువచనాల గురించి నిలదీశారు కదా. మొదటి పాదంలో అప్పాజి "వచ్చె", నాలుగో పాదంలో "తినిరి". గుమ్మంలో ఏకవచనం, విస్తరి ముందు బహువచనమా?

చంపకం:
ఇంటి ఓనరండీ. అద్దె అడిగేటప్పుడు వాడు, సాంబారు పోసి శాంతింపజేసేటప్పుడు వారు. అద్దెకున్నవాళ్ళెవరినైనా అడగండి.

మత్తేభం:
ఆ సమర్థన పద్యంలో లేదు. "వచ్చి రప్పాజి మెల్లగా" అంటే గణమూ చెడదు, యతీ చెడదు, గౌరవమూ మొదటినుంచీ ఉంటుంది.

చంపకం:
...సరే. బావుంది.

నగణం:
ఈ పుట దాచుకోవాలి. చంపకం గారు మత్తేభం గారి సవరణ ఒప్పుకున్నారు.

చంపకం:
సవరణ ఒప్పుకున్నాను, లక్ష్మీపతి బహువచనం ఒప్పుకోలేదు.

మత్తేభం:
కాబోయే మామగారండీ ఆయన, "తినిరి" అనకపోతే పిల్లనివ్వడు.

నిర్వాహకుడు:
ఆగండి, ఆ సమాధానం బావుంది. కథానాయకుడి నోట ఆ పద్యం చెప్పిస్తే నిజంగానే చెల్లుతుంది. అప్పుడు "పిసినిగొట్టు" అని మొదలెట్టకూడదు మరి, మత్తేభం గారూ. మామని పొగుడుతూ మొదటి పాదం మళ్ళీ రాసి పెట్టండి. 70 ఎంఎం గారు కూర ఎవరు తిన్నారో రెండో పాదంలోకి తేవాలి. కొత్తకలం ఈసారి నోటీసు లేకుండా రావాలి.

వచ్చే వారానికి పాదం:

మౌని పాడె సభకు మతులు పోయె

సంగీతం సిఫార్సులు మాత్రమే. శంకరశాస్త్రిని అందరూ తెస్తారు కాబట్టి ఆయనకి సెలవు. రాగం పేరు రాసేవాళ్ళు గాంధారం ఉందో లేదో చూసుకుని రాయండి.