ఎర్ర పుస్తకం, నీలం పుస్తకం: ట్రాప్ బుక్కా, జైలు ఏజా? (మిస్ట్ సిరీస్ - స్పాయిలర్లు ఉన్నాయి)

కొత్త_బాటసారి:
మిస్ట్ కంప్యూటర్ ఆటల్లో మొదటిది పూర్తి చేశాక ఆగలేక నేరుగా నాలుగోది, రెవలేషన్, మొదలెట్టాను. మధ్యలో రెండు వదిలేశానని తిట్టకండి. నా డౌట్ ఒక్కటే. మొదటి ఆటలో, వేరే లోకాలకి దారితీసే పుస్తకాలు రాసే అట్రస్ కొడుకులు, ఆ అన్నదమ్ములిద్దరూ, పుస్తకాల లోపల ఇరుక్కుని ఉంటారు. ఎర్ర దాంట్లో సిరస్, నీలం దాంట్లో అకెనార్. పేజీలు తెచ్చిపెట్టే కొద్దీ బొమ్మ, గొంతు స్పష్టమవుతాయి. నాలుగో దాంట్లో చూస్తే వాళ్లు ఇరవై ఏళ్లుగా స్పైర్, హేవెన్ అనే రెండు లోకాల్లో బతుకుతున్నారు. ఒకడికి గాల్లో తేలే బండరాళ్లు, ఇంకొకడికి అడవి, జంతువులు. నేను ఏదైనా సీన్ మిస్సయ్యానా?

నీలిపేజీ:
మీరేం మిస్సవలేదు. అది రెట్‌కాన్, అంటే పాత కథని వెనక్కి వెళ్లి మార్చడం. ఇప్పుడు లోర్ (ఆటల వెనకున్న కథా చరిత్ర) ప్రకారం ట్రాప్ బుక్, అంటే మనిషిని తనలోనే బంధించే పుస్తకం, అనేదే లేదు. ఆ రెండూ జైలు ఏజ్‌లకి (ఏజ్ అంటే ఒక లోకం) వెళ్లే లింకింగ్ బుక్‌లు, అంటే చెయ్యి పెడితే వేరే లోకానికి చేర్చే పుస్తకాలు. తిరిగి రావడానికి లోపల లింకింగ్ బుక్ ఉండదు కాబట్టి అది జైలు. అంతే.

పాతమౌస్:
"అంతే" అనేశారు! నీలిపేజీ గారూ, మొదటి ఆట చెడ్డ ముగింపు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎర్ర పేజీలన్నీ పెట్టేస్తే ఏమవుతుంది? సిరస్ బయటికొస్తాడు, మనం లోపలికి వెళతాం. చుట్టూ కటిక చీకటి. ఎదురుగా చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి వాడు మన వైపు చూస్తూ, థాంక్స్ చెప్పి, పేజీలు పీకేస్తుంటాడు. మనం లోపలి నుంచి లైబ్రరీని చూస్తున్నాం! ఏ లింకింగ్ బుక్‌లోనైనా అవతలి లోకం నుంచి ఇవతలికి కిటికీ ఉంటుందా? బుక్ మీద చెయ్యి పెడితే మనిషి వెళ్లిపోతాడు, బుక్ ఇక్కడే పడి ఉంటుంది. సిరీస్ మొత్తానికి ఇదే కదా మూలసూత్రం. మరి ఆ కిటికీ ఎక్కడి నుంచి వచ్చింది?

పైగా ఆకాశం లేదు. స్పైర్‌లో ఆకాశం ఉంది.

రాత్రిబండి:
ఒక ట్రిప్పులో ఒక్క పేజీ మాత్రమే తేనిస్తుంది కదా ఆట, దానికోసం సెలెనిటిక్ ఏజ్‌లో ఆ భూగర్భ రైలు చిక్కుముడిలోకి రెండోసారి వెళ్లినప్పుడు అన్నదమ్ములిద్దరినీ అందులోనే ఉంచేద్దాం అనిపించింది. లోర్ సంగతి తర్వాత.

నీలిపేజీ:
పాతమౌస్ గారూ, అది 1993లో హైపర్‌కార్డ్ మీద కట్టిన ఆట. సీడీలో పట్టాలని వీడియోలు అగ్గిపెట్టెంత చేసి పెట్టారు. ర్యాండ్ మిల్లర్ ఒక్కడే అట్రస్ వేషమూ అకెనార్ వేషమూ వేశాడు. తమ్ముడు రాబిన్ సిరస్ అయ్యాడు. వాళ్లకి ఆ రోజు వెనకాల అడవి పెట్టే తాహతు లేదు. నల్ల తెర పెట్టారు. దాని మీద మీరు సిద్ధాంతం కడుతున్నారు.

ఇంకో సంగతి. ఈ ఆటలన్నీ అట్రస్ డైరీల్లోంచి తీసిన కథలు, అసలు సంఘటనలు వేరే ఉన్నాయి, ఆటలు వాటి నాటకీకరణ అనేది ఈ ఆటని తయారుచేసిన సయాన్ వాళ్లు పెట్టుకున్న ముసుగు కథ. ఆ లెక్కన ట్రాప్ బుక్ ఆట కోసం చేసిన సులువు. అసలు చరిత్రలో జైలు ఏజ్‌లే.

పాతమౌస్:
ముసుగు కథ ఒప్పుకుంటాను. మరి నాలుగోది కూడా ఆటే కదండీ? అది సయాన్ సొంతంగా చేసింది కూడా కాదు, యూబీసాఫ్ట్ మాంట్రియల్ వాళ్లు 2004లో చేశారు. మొదటిది "నాటకం", నాలుగోది "చరిత్ర" ఎలా అయ్యాయి? నాటకమైతే రెండూ నాటకమే.

పోనీ నల్ల తెర ఖర్చు తగ్గించుకోవడానికే అనుకుందాం. రెండో ఆట రివెన్ సంగతేంటి? 1997లో వాళ్ల దగ్గర డబ్బుకి కొదవ లేదు, ఆట అయిదు సీడీల్లో వచ్చింది. అందులో తన తండ్రి గెన్‌ని పట్టుకోమని అట్రస్ మనకి ఇచ్చేది ఏమిటి? డనికి (ఈ పుస్తకాల కళ తెలిసిన డని జాతి నగరానికి) వెళ్లే లింకింగ్ బుక్‌లా కనబడే ట్రాప్ బుక్. 233వ ఏజ్‌లో గెన్ ముందు పెడతాం. వాడు నమ్మడు, ముందు నువ్వు వెళ్లు అంటాడు. మనం వెళతాం. చీకటి. కిటికీలోంచి గెన్ కనబడతాడు. తర్వాత వాడు చెయ్యి పెడతాడు, మనం బయటికి వచ్చేస్తాం, వాడు లోపల. ఒకడు లోపలికి, ఒకడు బయటికి. జైలు ఏజ్ అయితే ఇద్దరం అక్కడే ఎదురెదురుగా నిలబడి ఉండాలి కదా. దీనికి జవాబు చెప్పండి, ఒక్కదానికి.

ఏడోతీగ:
ఇక్కడ అసలు చిక్కు ట్రాప్ బుక్ కాదు. డని వాళ్లు ఏజ్‌ని సృష్టిస్తారా, ఉన్నదానికి దారి రాస్తారా అన్నది తేలకుండా మిగతావి తేలవు. గెన్ సృష్టి అనుకుంటాడు, దేవుడిలా ఫీలవుతాడు, తన ఏజ్‌లకి అంకెలు వేసుకుంటాడు. రివెన్ వాడి అయిదోది. అట్రస్ లింక్ మాత్రమే అంటాడు. నవలల్లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. గెన్ తన 37వ ఏజ్ పుస్తకంలో దిద్దుబాట్లు చేస్తూ పోతాడు. చివరికి వెళ్లి చూస్తే లోకం అలాగే ఉంటుంది గానీ, అక్కడి మనుషులు వీళ్లని గుర్తుపట్టరు. అంటే పాత లోకం మారలేదు, పుస్తకం ఇంకో లోకానికి తిరిగిపోయింది.

కొత్త_బాటసారి:
అయ్యో, ఇది భలే ఉంది. కానీ నా ప్రశ్న...

పాతమౌస్:
ఏడోతీగ గారూ, అయితే రివెన్‌లో పుస్తకం దిద్దితే ఆ లోకమే ఎందుకు మారింది? నేలలోంచి బాకులు పుట్టుకొచ్చాయి, నక్షత్రాల చీలిక తెరుచుకుంది. పక్కలోకానికి పోలేదే?

ఏడోతీగ:
ఇంకా ఎవరూ చూడని వివరం రాస్తే అది అక్కడ తేలుతుంది, చూసినదానికి విరుద్ధంగా రాస్తే లింక్ జారిపోతుంది. అట్రస్ భార్య కేథరిన్, నాయనమ్మ ఆనా రాసినవి మొదటి రకం. దీనికి పదిహేను పేరాలు రాయగలను, వద్దంటే ఆపేస్తా.

రాత్రిబండి:
వద్దు.

నీలిపేజీ:
రివెన్ ప్రశ్నకి జవాబు: అది కూడా నాటకీకరణే. సయాన్‌లో డని చరిత్ర చూసుకునే రిచర్డ్ వాట్సన్ ఈ రెట్‌కాన్ గురించి అభిమానులతో ఎన్నోసార్లు మాట్లాడాడు. రాసినవాళ్లే మార్చుకున్నాక మనం ఇంకా పట్టుకుని వేలాడటం ఏమిటి? ట్రాప్ బుక్ ఉంటే డని వాళ్ల రచనా కళ మొత్తం కుప్పకూలుతుంది. మనిషి ఏ లోకంలోనూ లేకుండా "మధ్యలో" ఆగడం అనేది ఆ నియమాల్లో ఎక్కడా లేదు. మీరు చెప్పే కిటికీయే దానికి సాక్ష్యం, అది ఏ నియమానికీ లొంగదు.

పాతమౌస్:
చూశారా, నేను చూపించిన సాక్ష్యం నాకే వ్యతిరేకంగా పెట్టారు! నియమానికి లొంగదు కాబట్టే దానికి ట్రాప్ అని పేరు.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతా. ఈ ఆట ఆడినప్పుడు మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని బొమ్మలు గీసుకుంటూ ఆడాను. పొయ్యిగూడులో నొక్కాల్సిన 158వ పేజీ నమూనా గళ్లు గళ్లుగా దాంట్లో ఇప్పటికీ ఉంది. ట్రాప్ బుక్ ఎలా పనిచేస్తుందో అందులోనే పదకొండు పేజీలు రాసుకున్నాను. ఏళ్ల తర్వాత ఒక అభిమానుల వికీలో అదంతా కష్టపడి ఎక్కించాను. మర్నాటికి తీసేశారు. కారణం ఒక్క ముక్క: "కానన్ కాదు," అంటే అధికారిక కథ కాదని. అలా తీసేసేవాళ్లలో ఎంతమంది మొదటి ఆటని సహాయం లేకుండా ముగించారో నాకు అనుమానమే.

నీలిపేజీ:
వికీలో ఎవరో తీసేశారని ఇక్కడ నన్ను తిడుతున్నారా? నీకు నోట్‌బుక్ ఉంటే లోర్ మారిపోదు. నువ్వు 1993లో ఆడావు కాబట్టి మిగతావాళ్లంతా తర్వాత వచ్చిన చిల్లర అభిమానులా?

పాతమౌస్:
"నువ్వు" ఎప్పటి నుంచి?

నీలిపేజీ:
సారీ. మీరు. కానీ మాట వెనక్కి తీసుకోను.

మూడోమీట:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. ఒక చిన్న ప్రశ్న. నీలిపేజీ, మీరు మొదట ఏ ఆట ఆడారు?

నీలిపేజీ:
దానికీ దీనికీ సంబంధం ఏమిటి? నాలుగోది. అక్కతో కలిసి. తను కీబోర్డు, నేను పెన్సిల్. హేవెన్‌లో ఆ మాంగ్రీ అనే జంతువుల అరుపులు వరసగా వినిపించాలి కదా, మేమిద్దరం నోటితో అరుచుకుంటూ గుర్తుపెట్టుకున్నాం. అకెనార్ గుడిసెలో వాడు రాసుకున్నవి చదివి అక్క ఏడ్చింది. వాడు హంతకుడు. అయినా ఇరవై ఏళ్లు ఒంటరిగా అడవిలో ఉండి, జంతువుల్ని గమనించి, మారాడు. చివరికి చెల్లెలు యీషా కోసం ప్రాణం ఇచ్చాడు. ట్రాప్ బుక్ నిజమైతే ఆ ఇరవై ఏళ్లు లేవు. వాడు నల్లటి శూన్యంలో బొమ్మలా నిలబడి ఉన్నాడు, అంతే. మారడానికి చోటే లేదు. మీరు ఒక కిటికీ కోసం ఆ ఆట మొత్తం చెరిపేయమంటున్నారు.

పాతమౌస్:
ఇది ముందే చెప్పాల్సింది.

నాది రివర్స్. అట్రస్ ఇద్దరు కొడుకుల్నీ పుస్తకాల్లో బంధించి, చివర్లో వాటిని తగలబెట్టేస్తాడు. మనం లైబ్రరీకి తిరిగొస్తే పుస్తకాలు ఉన్న చోట మసి మరకలు ఉంటాయి. నాకప్పుడు పన్నెండేళ్లు. కుర్చీలోంచి లేవలేదు. తండ్రి తన పిల్లల్ని చంపేశాడు, దానికి నేనే అతన్ని విడిపించే తెల్ల పేజీ అందించాను అనుకున్నాను. సంవత్సరాల తరబడి ఆ మరకలే నాకు మిస్ట్. తర్వాత ఎవరో వచ్చి, అబ్బే, వాళ్లు చల్లగా అడవిలో బతికే ఉన్నారు అంటే... నా మీద జోక్ వేసినట్టు అనిపించింది.

ఏడోతీగ:
ఒక్క మాట చెప్పి పోతాను. లింకింగ్ బుక్ కాల్చితే తలుపు కాలినట్టే, లోకం కాలదు. లోకాన్ని వర్ణించే మూల పుస్తకం, డిస్క్రిప్టివ్ బుక్, కాలినా లోకం ఉంటుంది, దారి మాత్రం పోతుంది. మీ మసి మరకలు రెండు వాదాల్లోనూ నిలుస్తాయి.

పాతమౌస్:
ట్రాప్ బుక్‌లో నిలవవు. అక్కడ తలుపే లోకం. కానీ ఆలోచిస్తాను.

నీలిపేజీ:
నిన్న రాత్రి మొదటి ఆట మళ్లీ తెరిచాను. చెడ్డ ముగింపు చూశాను. కిటికీ ఉంది. లోపల చీకటే. నా దగ్గర దానికి జవాబు లేదు. అయినా అకెనార్‌ని వదలను.

పాతమౌస్:
వదలమని అడగలేదు. మాంగ్రీల అరుపుల వరస గుర్తుంటే ఇక్కడ పెట్టండి, నేను అక్కడే ఆగిపోయి ఆట మూసేశాను.

నీలిపేజీ:
అరుపులు అక్షరాల్లో ఎలా రాయను సార్? అక్కని అడిగి రికార్డ్ చేసి పెడతా.

కొత్త_బాటసారి:
అందరికీ థాంక్స్. రివెన్ డౌన్‌లోడ్ పెట్టాను. ఒక్కటి చెప్పండి: మరి గెన్ ఇప్పటికీ ఆ పుస్తకంలోనే ఉన్నాడా? తిండీ నీళ్లూ ఎలా?

రాత్రిబండి:
అయిపోయింది అనుకున్నాను.

మూడోమీట:
గెన్ కోసం కొత్త థ్రెడ్ తెరవండి, దయచేసి.