‘గఢ్ తో చిత్తౌడ్‌గఢ్, బాకీ సబ్ గఢైయా’: దీన్ని తెలుగులో ఎలా అందాం?

మొన్న చలికాలంలో ఉదయ్‌పూర్ వెళ్ళినప్పుడు ఒక రోజు చిత్తౌడ్‌గఢ్ కోటకి పెట్టుకున్నాం. ఆటో కొండెక్కుతుంటే డ్రైవరు ఒక్కో దర్వాజా పేరూ చెప్పుకుంటూ వచ్చి, చివరి దర్వాజా దాటగానే వెనక్కి తిరిగి అన్నమాట ఇది. ఉదయ్‌పూర్, చిత్తౌడ్ ఉన్న ఈ మేవాడ్ ప్రాంతంలో ఎవర్ని కదిలించినా ఈ సామెత వస్తుందట.

భావం తెలుస్తూనే ఉంది. గఢ్ అంటే కోట. ‘ఐయా’ అని తోక తగిలిస్తే అదే కోట చిన్నాచితకాది అయిపోతుంది. ఆ ఎగతాళంతా తోకలోనే ఉంది. మనకి అలాంటి తోక లేదు. ‘కోటంటే చిత్తౌడ్ కోటే, మిగతావన్నీ చిన్న కోటలు’ అని రాసి చూసుకున్నాను, ఉప్పు లేని పప్పులా ఉంది. మీరైతే ఏమంటారు?

సామెతలో గొప్పలు ఉన్నమాట నిజమే గానీ, చూశాక కాదనబుద్ధి కాలేదు. కోట మైదానానికి సుమారు 180 మీటర్ల ఎత్తున, దాదాపు 700 ఎకరాల మేర పరుచుకుని ఉంది. ఇప్పటికీ లోపల ఊరుంది, బట్టలు ఆరేసిన ఇళ్ళున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు. ఇంకో సంగతి. ఈ కోట 1303లో అలాఉద్దీన్ ఖిల్జీకి, 1535లో గుజరాత్ సుల్తాను బహదూర్ షాకి, 1568లో అక్బరుకి, మొత్తం మూడుసార్లు చిక్కింది. అన్నిసార్లు చేజారిన కోటని పట్టుకుని ‘కోటంటే ఇదే’ అనాలంటే ఎంత మమకారం ఉండాలి!

గుంటూరు నుంచి:
తోక లేకపోతేనేం, మనకి తల ఉంది. పిల్లకాలువ, పిల్లబాట, పిల్లగాలి అంటాం కదా. ‘కోటంటే చిత్తౌడు కోట, తక్కినవన్నీ పిల్లకోటలు.’ వెతుక్కోవాల్సిన పనే లేదు.

కరీంనగర్ నుంచి:
పిల్లకోట బాగుంది గానీ, అది తయారుచేసిన మాటలా ఉంది. మా దిక్కు దొరలుండే కోటలాంటి ఇంటికి ‘గడి’ అనే మాట ఉండనే ఉంది, హిందీ ‘గఢీ’కి చెవికి కూడా దగ్గర. ‘కోటంటే చిత్తౌడ్ కోట, మిగిలినవన్నీ గడీలు’ అంటే సరిపోతుంది. భోపాల్ వాళ్ళు ఇదే సామెతని సాగదీసి ముందు తమ చెరువుని, తమ రాణి కమలాపతిని పెట్టుకుంటారు: ‘తాల్ తో భోపాల్ తాల్, బాకీ సబ్ తలైయా’. దాన్ని మనం ‘చెరువంటే భోపాల్ చెరువే, మిగిలినవన్నీ కుంటలు’ అనేస్తాం. చెరువు, కుంట అని రెండు వేరే మాటలున్నప్పుడు తోక అవసరం ఏముంది? కోట, గడి కూడా అంతే.

నల్లగొండ నుంచి:
అక్కా, గడి అంటే మా ఊళ్ళల్లో చిన్నది అనే అర్థం రాదు. గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన తాతల మనవలం. ‘ఉత్త గడీలు’ అంటే నవ్వు రాదు నాకు. పైగా గుంటూరు, కృష్ణా వాళ్ళకి గడి అనగానే పదకేళి గళ్ళు గుర్తొస్తాయి. నా ఓటు పిల్లకోటకే.

విశాఖ నుంచి:
అందరూ చిత్తౌడ్ అని ‘డ’తో రాస్తున్నందుకు సంతోషం. పేపర్లలో ఎక్కువగా చిత్తోర్, మేవార్ అనే చూస్తాం. హిందీలో అది ‘డ’ కింద చుక్క పెట్టిన అక్షరం. ఇంగ్లీషు వాడు దాన్ని ఆర్ అని రాశాడు, మనం ఇంగ్లీషు చూసి ‘ర’ పెట్టుకున్నాం. తమాషా ఏమిటంటే పక్క ప్రాంతం మార్వాడ్ పేరు మాత్రం తప్పు పోలేదు. మార్వాడీ కొట్టు అంటాం, మార్వారీ కొట్టు అనేవాడు ఒక్కడూ లేడు. మార్వాడీ మన బజారుకి మనిషిగా వచ్చాడు, చెవితో విన్నాం. మేవాడ్ ఇంగ్లీషు చరిత్ర పుస్తకంలోంచి వచ్చింది. పకోడీని పకోరా చెయ్యకుండా కాపాడింది కూడా చెవే. కచోరీ సంగతి ఎవరైనా ఎత్తేలోపు చెబుతున్నా, దానికి హిందీలోనే రెండు రకాల స్పెల్లింగూ ఉంది.

ప్రశ్న వేసినవారు:
ఇది బాగా పట్టుకున్నారు సర్. అసలు ఆ రోజంతా నాకు ఇదే పని అయింది. దర్వాజాల పేర్లు చూడండి: పాడన్ పోల్, భైరవ్ పోల్, హనుమాన్ పోల్, గణేశ్ పోల్, జోడ్లా పోల్, లక్ష్మణ్ పోల్, రామ్ పోల్. పోల్ అంటేనే కోట వాకిలి, సంస్కృతం ‘ప్రతోళీ’ అరిగి అలా అయిందంటారు. మన ట్రావెల్ వీడియోల్లో ‘రామ్ పోల్ ద్వారం’ అంటారు, గేటు ద్వారం అన్నట్టు. మనకి ‘గవని’ అనే చక్కటి పాతమాట ఉంది, రామ గవని అంటే ఏం పోయింది? అలాగే గోముఖ్ కుండ్. రాతి ఆవు నోట్లోంచి నీళ్ళు పడే చోటు. గోముఖ గుండం అంటే మనవాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

ఇక విజయ్ స్తంభ్. స్తంభం అనగానే మా అమ్మ ధ్వజస్తంభం ఊహించుకుంది. తీరా చూస్తే తొమ్మిది అంతస్తుల మేడ, లోపల మెట్లు కూడా ఉన్నాయి. మాళ్వా సుల్తాను మహమూద్ ఖిల్జీ మీద గెలుపుకి గుర్తుగా 15వ శతాబ్దంలో మేవాడ్ రాజు రాణా కుంభా కట్టించింది. 37 మీటర్ల ఎత్తు. గోడల నిండా దేవతలు, చాలా విగ్రహాల దగ్గర వాటి పేర్లు కూడా రాతిలోనే చెక్కారు. ఆయుధం, వాహనం చూసి ఎవరా అని బుర్ర గోక్కోనక్కర్లేదు, చదువుకోవడమే. ఇలాంటి బొమ్మల నిఘంటువు మన గ్రూపులో వాళ్ళకి చూపించాలి.

హైదరాబాద్ నుంచి:
అంతా బాగుంది గానీ, 36 కిలోమీటర్ల గోడ ఉన్న కుంభల్‌గఢ్ కూడా ఈ సామెత లెక్కన పిల్లకోటేనా? రాణా ప్రతాప్ పుట్టిన చోటండీ బాబూ!

ప్రశ్న వేసినవారు:
అదీ రాణా కుంభా కట్టించిందే, కాబట్టి వాళ్ళింట్లో గొడవ, మనం దూరకూడదు. 2013లో యునెస్కో ఆరు రాజస్థాన్ గిరిదుర్గాలని ఒకే జాబితాలో వేసింది, రెండూ అందులో ఉన్నాయి. ఫొటోల కింద ‘కోటంటే చిత్తౌడు కోటే, తక్కినవన్నీ పిల్లకోటలు’ అనే పెడుతున్నా. గుంటూరు వారికి ధన్యవాదాలు. భోపాల్ సామెతలో ‘రానీ’కి జోడీగా వచ్చే ‘రనైయా’ మాత్రం ఇంకా తెగలేదు. ఎవరికైనా తడితే రాయండి. ‘చిట్టి రాణులు’ వద్దు, చిన్నబుచ్చినట్టు లేదు, ముద్దు చేసినట్టుంది.