అప్‌డేట్: పెట్టెల ముందు తేనెటీగలు చచ్చిపడుతున్నాయని అడిగాను కదా, తేలింది

పక్క చేలో పూత మీద మందు కొట్టిన మర్నాటి నుంచి నా పెట్టెల ముందు ఈగలు గుట్టలుగా చస్తున్నాయని, చట్టపరంగా ఏం చేయొచ్చని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పని చేసింది ఒక్కటే: "చచ్చిన ఈగలను వెంటనే ఫ్రీజర్‌లో పెట్టు, ఎండలో వదిలితే మందు ఆనవాళ్లు పోతాయి" అన్న మాట. ఏరుతుంటే చాలావాటికి నాలుక బయటికి వచ్చి ఉంది, కాళ్లకు పుప్పొడి ముద్దలు అలాగే ఉన్నాయి. చూడలేకపోయాను. ల్యాబ్‌లో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు బయటపడింది. వరోవా (ఈగలను పట్టే నల్లి) వల్లా, రాణి ఈగకేమైనా అయిందా, సెల్ టవర్ వల్లా అంటూ పడ్డ టెన్షన్ అంతా అనవసరం.

ల్యాబ్ రిపోర్టు, ఫొటోలు, మందు కొట్టిన తేదీ జతచేసి వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. పూత మీద, ఈగలు తిరిగే వేళ కొట్టకూడదని డబ్బా లేబుల్ మీదే ఉంది, అదే బలమైన ఆధారమైంది. చుట్టుపక్కల రైతులు కూడా సంతకాలు పెట్టాక కదలిక వచ్చింది. లాయర్ నోటీసు తయారైంది కానీ పంపాల్సిన అవసరం రాలేదు. ఇకపై పూత సమయంలో కొట్టనని, మిగతా రోజుల్లో ముందే చెప్పి చీకటి పడ్డాకే కొడతానని పక్క రైతు రాసిచ్చాడు.

కోర్టులతో ఏమవుతుందన్నవారికి: యూరోపియన్ యూనియన్ 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో పాటు అలాంటివే అయిన క్లోథియానిడిన్, థయామెథాక్సమ్ మందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది. అంతకుముందు 2013లో ఈ మందులపై పెట్టిన ఆంక్షలకు వ్యతిరేకంగా బేయర్ కంపెనీ వేసిన అప్పీలును 2021లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కొట్టేసింది.

నాలుగు పెట్టెలు పోయాయి. మిగిలినవి కోలుకుంటున్నాయి, నిన్న ఒకదాంట్లో కొత్త గుడ్లు కనిపించాయి.