శుభకృత్ ఉగాది పనులు: 2022 ఏప్రిల్ 2 శనివారం, డ్యూక్–కరోలినా బాస్కెట్‌బాల్ మ్యాచ్ సంగతి కూడా ఇక్కడే

మార్చి 27, ఆదివారం రాత్రి. కార్యక్రమ సమన్వయం

అందరికీ నమస్కారం. ఇందాకే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీలో కరోలినా వాళ్లు సెయింట్ పీటర్స్‌ని 69–49తో ఓడించారు. డ్యూక్ నిన్ననే గెలిచి కూర్చుంది. కాబట్టి వచ్చే శనివారం రాత్రి న్యూ ఆర్లీన్స్‌లో సెమీఫైనల్ ఈ రెండిటి మధ్యే. మన ఉగాది కూడా వచ్చే శనివారమే. పండగ సరిగ్గా తిథి రోజునే వారాంతంలో పడటం ఏటా జరగదు. ఈసారి పడింది, పడక పడక ఈ శనివారమే పడింది.

కొత్తగా ఈ ఊళ్లకి వచ్చినవాళ్లు "మ్యాచే కదా" అనుకోవచ్చు. అలా అనుకోకండి. మన నార్త్ కరోలినాలో డ్యూక్ ఉన్న డర్హమ్‌కీ, కరోలినా ఉన్న చాపెల్ హిల్‌కీ మధ్య దూరం పది మైళ్లు. రెండు కాలేజీలూ ఒకటే ఏసీసీ కాన్ఫరెన్స్, అంటే ఒకే లీగ్. ఏటా కనీసం రెండుసార్లు ఆడతాయి, ఇప్పటికి 250కి పైగా మ్యాచ్‌లు అయ్యాయి. కానీ ఎన్‌సీఏఏ టోర్నీలో, అంటే దేశం మొత్తం కాలేజీల చాంపియన్‌షిప్‌లో, ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. దానికి తోడు డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్స్కీ, అందరూ కోచ్ కె అనే పెద్దాయన, 42 సీజన్ల తరువాత ఈ ఏడాదితో రిటైర్ అవుతున్నారు. ఈ నెల 5న సొంత మైదానంలో ఆయన ఆఖరి ఆటని కరోలినా 94–81తో గెలిచి పాడుచేసింది. శనివారం ఓడితే ఆయనకి అదే చివరి ఆట.

మ్యాచ్ మొదలయ్యేది మన టైమ్‌లో 8:49కి. మన షెడ్యూల్లో 8:30 నుంచి 9:45 దాకా పెద్ద పిల్లల డాన్సులు, నాటిక ఉన్నాయి. ఆ టైమ్‌కి హాల్లో మిగిలేది స్టేజి మీద ఉన్నవాళ్లూ వాళ్ల అమ్మానాన్నలే. అన్నీ గంటన్నర ముందుకి జరిపి 8:15కి జనగణమన పాడేద్దామని నా ప్రతిపాదన. రెండేళ్లు జూమ్‌లో ఉగాది చేసుకున్నాం, ఈసారైనా కుర్చీలు నిండాలి. ప్రతి టీమూ రేపటిలోగా చెప్పండి.

మార్చి 27. భోజనాలు

అన్నయ్యా, 7:30 అనుకున్న భోజనాలు 6:30కి మొదలవ్వాలంటే ట్రేలు 6 కల్లా హాలుకి రావాలి. కేటరర్‌కి ఫోన్ చేశాను. బతిమాలాల్సి వస్తుందనుకుంటే వెంటనే సరేనన్నారు. ఆయనా మ్యాచ్ చూడాలట. పులిహోర, మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, దద్దోజనం, గారెలు ఆయన బాధ్యత. బొబ్బట్లు మాత్రం ముగ్గురు పిన్నిగార్లు ఇళ్లలో చేస్తున్నారు, వాళ్లని తొందరపెట్టే ధైర్యం నాకు లేదు. వేపపువ్వు ఎండుదే దొరికింది. పచ్చడి కప్పుల్లో పోయడానికి 3:30కే నలుగురు పిల్లలు కావాలి.

మార్చి 28, సోమవారం. యువ వలంటీర్లు

అక్కా, పిల్లల్ని పంపిస్తాను, కానీ వాళ్ల మూడ్‌కి నేను పూచీ కాదు. పన్నెండో తరగతి వాళ్లలో చాపెల్ హిల్‌లో సీటు వచ్చినవాళ్లు ఇప్పటికే లేత నీలం టీషర్టులు వేసుకు తిరుగుతున్నారు. డ్యూక్ ఫలితాలు నెలాఖరుకి రావాలి. అవి వచ్చాక ఎవరు ఎటువైపో చెప్పలేం. ఇద్దరు "8 దాటితే మేముండం ఆంటీ" అని ముందే చెప్పేశారు, నిజాయితీగా చెప్పారు కాబట్టి వాళ్లని ప్లేట్లు సర్దే మొదటి షిఫ్ట్‌లో వేశాను.

మార్చి 28. స్టేజి, సౌండ్

8:15కి ముగించడం ఎలా అంటే ఒకటే మార్గం: ఉపన్యాసాలు కొయ్యాలి. అధ్యక్షులు, పూర్వాధ్యక్షులు, స్పాన్సర్లు అంతా కలిపి పన్నెండు నిమిషాలు. మైక్ నా చేతిలో ఉంటుంది, టైమ్ అవగానే వాల్యూమ్ తగ్గిపోతే సాంకేతిక లోపం అనుకోండి.

మ్యాచ్‌ని మన స్టేజి స్క్రీన్ మీద వేద్దామని ఇద్దరు మెసేజ్ పెట్టారు. వద్దు. అమ్మవారి ఫొటో ఉన్న చోట టీబీఎస్ చానల్ ఏం బాగుంటుంది? కెఫెటేరియాలో పాత ప్రొజెక్టర్ ఉంది. సామాన్లు సర్దేవాళ్ల కోసం అక్కడ పెడతాను. స్కూల్ వైఫై వీడియోని రానివ్వదు, ఎవరిదైనా ఫోన్ హాట్‌స్పాట్ కావాలి. హాలు తాళం 10కి పడుతుంది, మ్యాచ్ 11 దాకా సాగుతుంది. మొదటి సగం ఇక్కడ, రెండో సగం ఎవరిళ్లలో వాళ్లు.

మార్చి 29, మంగళవారం. అలంకరణ

దయచేసి కొట్టుకోకండి. బెలూన్లు నెల కిందటే ఆర్డర్ చేశాం, అవి నీలం, తెలుపు. ఏ నీలం అని నిన్నటి నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. లేతదైతే చాపెల్ హిల్, ముదురుదైతే డర్హమ్, నాకు తెలుసు తల్లీ. నీలం పెట్టనే పెట్టం. మామిడాకులు, బంతిపూలు, పసుపుపచ్చ గుడ్డలు, అంతే. ఎర్రటివి పెట్టండి అని ఎన్‌సీ స్టేట్‌లో (ఆ కాలేజీ రంగు ఎరుపు) చదివిన బాబాయిగారు సలహా ఇచ్చారు. అదీ కుదరదు.

మార్చి 29. పంచాంగ శ్రవణం

నాకు ఇచ్చిన 25 నిమిషాలు 15 అయ్యాయని తెలిసింది. సంతోషం. ద్వాదశ రాశుల ఆదాయ వ్యయాలు చదివేస్తాను, నవనాయకుల్ని క్లుప్తంగా చెబుతాను. ఒక కుర్రాడు డ్యూక్‌దీ కరోలినాదీ రాజపూజ్యం, అవమానం కూడా చదవమని అడిగాడు. జన్మనక్షత్రం తెస్తే చదువుతానన్నాను. కోచ్ కె గారిది మటుకు ఐదు చాంపియన్‌షిప్పుల రాజపూజ్యం, అది చూడ్డానికి పంచాంగం అక్కర్లేదు.

మార్చి 30, బుధవారం. కార్యక్రమ సమన్వయం

తేల్చేశాం. 3కి ద్వారం, 3:30కి పచ్చడి, 4కి దీపం, పంచాంగం, ఆ తరువాత పిల్లల పాటలు, 5:30కి డాన్సులు, 6:30కి భోజనాలు, 7:20కి నాటిక, 8:15కి ముగింపు. ఇంక మార్పులు లేవు. నాటికవాళ్లు మాత్రం రిహార్సల్లో ఒక సీను కోసుకుని రండి.

ఏప్రిల్ 3, ఆదివారం మధ్యాహ్నం. కార్యక్రమ సమన్వయం

8:22కి ముగించాం. ఆ ఏడు నిమిషాలూ ఎక్కడ పోయాయో స్టేజి టీమ్‌కి తెలుసు, నేను చెప్పను. భోజనాలు బ్రహ్మాండం. మిగిలిన పులిహోర తీసుకెళ్లినవాళ్లు పెద్ద ట్రే మూతలు తిరిగి ఇవ్వాలి. పట్టుచీర మీద వేసుకునే శాలువా ఒకటి, చిన్నపిల్లల మువ్వలు ఒక జత నా కారులో ఉన్నాయి.

రాత్రి నుంచి ఈ థ్రెడ్‌లో లెక్కల కంటే మ్యాచ్ మాటలే ఎక్కువ అయ్యాయి కాబట్టి నా మాట కూడా వేసుకుంటాను. కరోలినా 81, డ్యూక్ 77. ఆధిక్యం 18 సార్లు చేతులు మారింది, 12 సార్లు స్కోరు సమమైంది. పొద్దున్నుంచి అందరూ కాలెబ్ లవ్ కొట్టిన ఆఖరి మూడు పాయింట్ల షాట్ గురించే మాట్లాడుతున్నారు. షాట్ గొప్పదే. ఇంకా 25 సెకన్లు ఉండగా, ఏడడుగుల మార్క్ విలియమ్స్ చేతులెత్తి నిలబడితే ఆయన మీదుగా కొట్టాడు, 78–74 అయింది. కానీ డ్యూక్ ఓడింది అక్కడ కాదు. అంతకుముందు 75–74తో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నప్పుడు, 46.7 సెకన్ల దగ్గర, అదే విలియమ్స్‌కి రెండు ఫ్రీ త్రోలు (అవతలివాళ్ల ఫౌల్‌కి దక్కే, ఒక్కో పాయింటు షాట్లు) వచ్చాయి. రెండూ పోయాయి. ఒకటి పడితే సమం, రెండు పడితే ముందంజ. లవ్ షాట్ అప్పుడు గెలుపు షాట్ కాదు, ఇంకో షాట్ అంతే.

మొత్తం లెక్క చూడండి. డ్యూక్‌కి 20 ఫ్రీ త్రోలు వస్తే 12 పడ్డాయి. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిన జట్టు, ఎవరూ అడ్డం రాని చోట ఎనిమిది వదిలేసింది. దూరం నుంచి 22 కొడితే 5 పడ్డాయి. మన క్రికెట్‌లో ఫ్రీ హిట్లు వదిలేసి ఆఖరి బంతి సిక్సర్‌ని తిట్టుకున్నట్టుంది. పెద్దాయన వీడ్కోలు బరువు కుర్రాళ్ల మీద పడిందని టీవీలో అన్నారు. నాకు అది అంత నమ్మబుద్ధి కాలేదు. సగం ఆటకి 37–34తో ముందున్నది వాళ్లే, అప్పుడూ అదే బరువు కదా.

ఏప్రిల్ 3. భోజనాలు

అన్నయ్యా, నువ్వు డ్యూక్ వాడివి కాబట్టి అలాగే అంటావు. నేను చాపెల్ హిల్‌లో చదివాను కాబట్టి నేనూ నా వైపే మాట్లాడతాను. ఆ రెండు ఫ్రీ త్రోలు ఇచ్చిన ఫౌల్ ఎవరిది? ఆర్మాండో బేకాట్‌ది. అది ఆయన ఐదో ఫౌల్, ఆటలోంచి బయటికి. 21 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతులు) పట్టిన మనిషి, మధ్యలో చీలమండ మెలిపడి లోపలికి వెళ్లి కుంటుతూ తిరిగొచ్చిన మనిషి, ఆఖరి 46 సెకన్లకి లేడు. డ్యూక్‌కి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? మాకు ఆ పొడుగు మనిషి లేనప్పుడు కూడా వాళ్లు గెలవలేకపోయారు.

లవ్‌ది అదృష్టం అనేవాళ్లు ఇంకోసారి చూడండి. ఆయన 28 పాయింట్లలో 22 రెండో సగంలోనివే. మొదటి సగంలో బంతి పడకపోయినా కొట్టడం మానలేదు, కోచ్ హ్యూబర్ట్ డేవిస్ కూడా మానమనలేదు. ఇది డేవిస్‌కి కోచ్‌గా మొదటి ఏడాది. ఫిబ్రవరి 5న ఇదే డ్యూక్ చాపెల్ హిల్‌కి వచ్చి 87–67తో చితక్కొట్టి వెళ్లింది. అప్పుడు ఈ జట్టు టోర్నీకే వెళ్లదని మా ఆయనే అన్నారు. ఎనిమిదో సీడ్‌గా వెళ్లి, నిరుటి చాంపియన్ బేలర్‌ని ఓడించి, ఇక్కడికి వచ్చారు. దీన్ని డ్యూక్ చేసిన తప్పులతో లెక్క కడితే ఎలా?

ట్రే మూతలు పదకొండు రావాలి, నాలుగే వచ్చాయి.

ఏప్రిల్ 3. యువ వలంటీర్లు (పన్నెండో తరగతి)

నా తెలుగు టైపింగ్ నెమ్మది, సర్దుకోండి అంకుల్. మీ ఇద్దరి మాటా సగం కరెక్ట్. నేను చూసింది ఏంటంటే కరోలినాలో మొదటి ఐదుగురే దాదాపు ఆట అంతా ఆడతారు. లవ్, ఆర్.జె. డేవిస్, లీకీ బ్లాక్, బ్రేడీ మానెక్, బేకాట్. బెంచీ మీద నుంచి వచ్చేది తక్కువ. నిన్న అది పనిచేసింది, ఎందుకంటే ఒకరి ఆట ఒకరికి తెలుసు. డ్యూక్‌లో బాంకెరో 20 పాయింట్లు కొట్టాడు, కానీ బాంకెరో, కీల్స్, గ్రిఫిన్ అందరూ ఫ్రెష్‌మెన్. మా వయసుకి ఒక ఏడాది పెద్ద. 70 వేల మంది ముందు ఫ్రీ త్రో కొట్టడం అంటే నాకు ఇక్కడే టెన్షన్ వచ్చింది.

కానీ సోమవారం రాత్రి ఫైనల్లో కాన్సస్ మీద ఆ ఐదుగురి కాళ్లు నిలబడతాయా? బేకాట్ చీలమండ అయితే డౌటే.

ఏప్రిల్ 3. అలంకరణకి ఎర్ర బెలూన్ల సలహా ఇచ్చిన బాబాయి

నేను చదివిన ఎన్‌సీ స్టేట్ 1983లో హ్యూస్టన్‌ని 54–52తో ఓడించి చాంపియన్ అయింది. అప్పటి నుంచి మేం ఇలాంటి రాత్రి కోసం ఎదురుచూస్తూనే ఉన్నాం. మాకు నిన్నటి ఆనందం ఒకటే, ఇద్దరిలో ఒకరు ఎలాగూ ఓడతారు. కెఫెటేరియాలో ఇటు డ్యూక్ కుర్చీలు, అటు కరోలినా కుర్చీలు వేసుకుని మధ్యలో నన్ను కూర్చోబెట్టారు, అందుకు మాత్రం కృతజ్ఞుణ్ణి. ఆట మాటకొస్తే భోజనాల అమ్మాయిదే కరెక్ట్. బేకాట్ వెళ్లిపోయాక డ్యూక్ బుట్ట దగ్గరున్న పొడుగువాళ్లకి బంతి ఇవ్వాలి, పొట్టివాళ్లు బయట ఆడుకోవడం కాదు.

ఏప్రిల్ 3. పంచాంగ శ్రవణం

అందరి మాటా విన్నాను. 1202 ఆటలు గెలిచిన మనిషి, ఓడాక ఏ సాకూ చెప్పకుండా అవతలి కోచ్‌తో చెయ్యి కలిపి వెళ్లారు. తప్పెవరిదో మీరు తేల్చుకోండి, నేను రేపటి మీటింగ్ టైమ్ మాత్రం మార్చమంటున్నాను. శ్రీరామనవమి ప్లానింగ్ కాల్ సోమవారం రాత్రి 9కి పెట్టింది ఎవరయ్యా?

ఏప్రిల్ 3. కార్యక్రమ సమన్వయం

మాస్టారూ, మంగళవారానికి మార్చాను. రాత్రి 8:30.

ఏప్రిల్ 5, మంగళవారం. కార్యక్రమ సమన్వయం

నిన్న జరిగింది అందరికీ తెలుసు. కరోలినా సగం ఆటకి 40–25తో ముందుండి, 72–69తో ఓడింది. మన వలంటీర్ కుర్రాడు ఆదివారమే చెప్పాడు, కాళ్ల సంగతి. భోజనాల టీమ్‌ని ఈ రోజు ఎవరూ ఏడిపించొద్దు, రామనవమికి కూడా వండించాల్సింది వాళ్లే.

రాత్రి కాల్‌కి ముందు తేల్చాల్సినవి. కల్యాణం ఏప్రిల్ 10 ఆదివారం పొద్దున 10:30కి. పానకానికి బెల్లం, మిరియాలు, ఏలకులు ఎవరు తెస్తారు? వడపప్పుకి పెసరపప్పు శనివారం రాత్రే నానబెట్టాలి. తలంబ్రాల బియ్యం కలపడానికి ఇద్దరు కావాలి. పందిరికి మొన్నటి పసుపుపచ్చ గుడ్డలే వాడదాం.

ఏప్రిల్ 5. భోజనాలు

బెల్లం నాది. ఏడిపించకపోయినా పర్లేదు, నేనింకా కోలుకోలేదు. ట్రే మూతలు ఇంకా ఐదు రావాలి. ఆదివారం ఇంకే మ్యాచూ లేదు కదా, ముందే అడుగుతున్నాను.

ఏప్రిల్ 5. స్టేజి, సౌండ్

బాస్కెట్‌బాల్ లేదు. ఆగస్టాలో మాస్టర్స్ గోల్ఫ్ ఆఖరి రోజు అదే, మధ్యాహ్నం ఎటూ ఖాళీ కాదు కొందరికి. కల్యాణం ఒంటి గంట లోపు అయిపోతే పానకం తాగి వెళ్లి చూసుకుంటారు. మైక్ 9:30కి పెడతాను, గుడి వెనక తలుపు తీయడానికి ఒకరు ఉండాలి.