బర్మాలో బా మా ప్రభుత్వాన్ని తోలుబొమ్మ ప్రభుత్వం అనవచ్చునా?

ప్రశ్న (టెక్కలి నుంచి):
మా తాతగారు రంగంలో (రంగూన్‌లో) బియ్యపు మిల్లులో కూలి చేసి, యుద్ధం ముగిశాక ఓడెక్కి తిరిగి వచ్చారు. ఆయన ట్రంకు పెట్టెలో మొన్న కొన్ని పది రూపాయల నోట్లు దొరికాయి. వాటిపై ఇంగ్లీషులో జపాన్ ప్రభుత్వం పేరు ఉంది. 1943 ఆగస్టు 1న బర్మా స్వతంత్రమైందనీ, బా మా దేశాధినేత అయ్యారనీ చదివాను. మరి స్వతంత్ర దేశంలో పరాయి ప్రభుత్వపు నోటు ఎలా చెల్లింది?

జవాబు (విజయనగరం, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడిని):
ఆ స్వాతంత్ర్యం ఎంతటిదో కొలవడానికి ఆ నోటు కంటే మంచి సాధనం లేదు. 1937లో బ్రిటిష్ వారి కింద తొలి ప్రధాని అయి, 1940లో అదే బ్రిటిష్ వారి చేత జైలుకు వెళ్లిన బా మాను, 1942 మార్చిలో రంగూన్‌ను పట్టుకున్న జపాన్ సైన్యం ఆ ఏడాది ఆగస్టులో పరిపాలనకు అధిపతిని చేసింది. (ఆ తరువాత ఆయన ధరించిన ‘అదిపతి’ బిరుదు మన అధిపతి మాటే.) స్వాతంత్ర్యం ప్రకటించిన రోజునే ఆయన ప్రభుత్వం బ్రిటన్, అమెరికాల మీద యుద్ధం ప్రకటించింది, జపాన్ సైన్యం మాత్రం దేశం విడిచి వెళ్లలేదు. బర్మాలో భాగమైన షాన్ రాష్ట్రాలలోని కెంగ్‌తుంగ్, మోంగ్‌పాన్‌లను జపాన్ 1943లోనే థాయిలాండ్‌కు అప్పగించింది. సుమారు 415 కిలోమీటర్ల థాయి-బర్మా రైలుమార్గానికి ‘చెమట సైన్యం’ పేరుతో బర్మా కూలీలను సమీకరించి పంపిన పాపంలో మాత్రం బా మా యంత్రాంగానికి నేరుగా భాగం ఉంది. నా దృష్టిలో అది తోలుబొమ్మ ప్రభుత్వమే.

జవాబు (సోంపేట నుంచి):
మాస్టారి వాస్తవాలతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే ఉంది. నార్వేలో క్విస్లింగ్ జర్మనీ అండతో పాలించినప్పుడు ఆ దేశపు రాజు, చట్టబద్ధ ప్రభుత్వం లండన్‌లో ఉన్నాయి కనుక, ఆయన ద్రోహం ఎవరి పట్లో స్పష్టం. బర్మీయులకు అంతకు ముందున్నదీ పరాయి పాలనే. బా మా మంత్రివర్గంలో రక్షణ మంత్రిగా ఉన్న ఆంగ్ సాన్ 1944 ఆగస్టులో రహస్యంగా ఫాసిస్టు వ్యతిరేక సంఘం కట్టి, 1945 మార్చి 27న జపాన్‌పైనే తుపాకులు తిప్పారు. క్విస్లింగ్‌ను 1945 అక్టోబరులో కాల్చి చంపారు. జపాన్‌కు పారిపోయి సుగామో జైలులో ఉన్న బా మాను 1946లో విడుదల చేశారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్రిటిష్ వారు 1945లో తిరిగి రాగానే ఆ నోట్లు చెల్లవన్నారని ఇప్పుడే చదివాను. అంటే తాతగారు ఇంటికి తెచ్చింది చెల్లని కూలి. దుకాణం ఆట ఆడుకోమని మా మామ్మ వాటిని పిల్లలకు ఇచ్చేసేదట, అందుకే ఇన్నే మిగిలాయి.