నాన్న కంటి ఆపరేషన్‌కి ఒప్పుకోవడం లేదు, గొడవ పడకుండా ఎలా చెప్పాలి?

పల్నాడు_రైతుబిడ్డ:
మా నాన్నకి 68 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయి, కుడికన్ను త్వరగా చేయించండి అని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. "ఇంకా ముదరలేదురా, ముదిరాక చూద్దాం" అంటాడు. పోయిన వారం చీకటి పడే వేళ పొలం నుంచి వస్తూ కాలవ గట్టు మీద సైకిల్‌తో సహా పడ్డాడు. టెన్షన్‌లో అరిచేశాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు కన్ను అనే మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోతున్నాడు.

మంగళగిరి_అక్క:
తమ్ముడూ, ముదరాలి అన్నది పెద్దవాళ్లు ఊరికే పుట్టించిన మాట కాదు. వెనకటికి శుక్లం తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవాళ్లు, అందుకే చూపు బాగా తగ్గేదాకా ఆగమనేవాళ్లు. ఇప్పుడు చిన్న కోత పెట్టి, శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసి అక్కడే లెన్స్ పెడుతున్నారు, మామూలుగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. మరీ ముదిరితే గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. కానీ ఇదంతా ఒక్కసారే గుమ్మరించకు. "నువ్వన్నది ఒకప్పుడు నిజమే నాన్నా" అని మొదలుపెట్టు.

గోదావరి_గట్టు:
మా అమ్మ చలికాలం రానీ, చలికాలం రానీ అంటూ మూడేళ్లు గడిపింది, నేనేమో ప్రతిసారీ వీడియోలు చూపించి వాదించేవాణ్ణి. ఒకరోజు ఆమె చిక్కుళ్లు వలుస్తుంటే నేనూ నాలుగు వలుస్తూ "అసలు దేనికి భయం అమ్మా?" అని అడిగి ఊరుకున్నాను. చాలాసేపటికి చెప్పింది, మా పెదనాన్నకి ఆపరేషన్ తర్వాత చీము పట్టి కన్ను పోయిందట. మూడేళ్లలో నేను ఆ ఒక్కటీ అడగలేదు! ఆ మాటే డాక్టరు ముందు పెట్టాం. అలా జరగడం చాలా అరుదు కానీ జరగదని చెప్పను అన్నాడు, చుక్కల మందు ఎలా వేసుకోవాలో, నొప్పీ ఎరుపూ పెరిగితే ఆగకుండా ఎలా రావాలో చెప్పాడు. దాచకుండా చెప్పాడనే అమ్మ నమ్మింది.

పల్నాడు_రైతుబిడ్డ:
పొద్దున టీ తాగుతూ అలాగే అడిగాను, మధ్యలో అడ్డుపడలేదు. ముదరడం గురించి కాదట. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు దుమ్ములోకి, కొట్టంలోకి వెళ్లకూడదంటారు కదా, మరి గేదెల్ని ఎవరు చూస్తారని. నేను సెలవు పెట్టి వచ్చి పాలు పితుకుతానన్నాను. అవుననలేదు, కాదనలేదు. మధ్యాహ్నం మాత్రం ఆసుపత్రి కాగితాలు ఎక్కడ పెట్టావని అమ్మని అడిగాడట.